ఆఖరి స్వరం ఆలస్యం

"ఈ టాంగో పిచ్చి మీకెవరు అంటించారు?" నా చంకలో రికార్డు చూసి గుమ్మంలోనే నిలదీసింది మా ఆవిడ.

"ఎవరూ అంటించలేదు తల్లీ! పాత సామాన్ల కొట్లో దొరికితే కొన్నాను. ఏది ఏ ఆర్కెస్ట్రానో గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాను, అంతే."

"ఇద్దరు వాటేసుకుని ఆడే పాటలు ఒక్కరే కూర్చుని వింటారా? నిప్పు లేనిదే పొగ రాదు." నా చొక్కా వాసన కూడా చూసింది.

ఒళ్లు మండి, ఆ రికార్డునే గ్రామఫోన్ మీద పెట్టాను. మా ఇంట్లో ఆ పాట మోగడం అదే మొదలు. వయొలిన్లు బతిమాలాయి, పియానో కసిరింది, పాట ఆగింది. ముల్లు ఎత్తబోయాను.

"ఆగండి, వీళ్లు ఆఖరి స్వరం ఆలస్యంగా వాయిస్తారు" అంది.

వాయించారు. సరిగ్గా అప్పుడే ఆమె కుడికాలు జరిగి ఎడమకాలి పక్కన చేరింది.

నేను అడగాల్సిన ప్రశ్న ఆమె గుమ్మంలోనే అడిగేసింది.