నీలం బ్యాండు

"మా పిల్లలేమన్నా ఎలకలా డాక్టరు గారూ?" అన్నాడు కేశవరావు, పులిహోర ప్లేటు పక్కన పెట్టి.

అమెరికాలో, మోరిస్‌విల్‌ ఊళ్లో తెలుగువాళ్లు అద్దెకు తీసుకున్న ఆ హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. అడిగేశాడ్రా బాబూ, అన్నట్టు అందరూ అటు తిరిగారు. అందరి కడుపులోనూ ఉన్న ప్రశ్నే అది. మొహమాటానికి ఎవరూ నోరు విప్పలేదు, అంతే.

డాక్టర్ చక్రపాణికి కోపం రాలేదు. ఆయన పెద్దాసుపత్రిలో, ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్ల మీద పరిశోధన చేస్తాడు. రక్తం కారిపోకుండా ఆపే కొత్త మందొకటి ఇప్పుడు పరీక్షలో ఉంది. స్పృహ లేకుండా వచ్చినవాణ్ణి పట్టుకుని, ఎక్కించమంటావా నాయనా అని అడగలేరు కదా! అందుకని అడక్కుండానే ఎక్కిస్తారు. అదీ అందరికీ కాదు, చీటీ తీసి సగం మందికి. ఈ గొడవంతా వద్దనుకున్నవాళ్లు ముందే చేతికి నీలం రంగు రబ్బరు బ్యాండు వేసుకోవాలి. అది కనిపిస్తే కొత్త మందు జోలికి పోరు, మామూలు వైద్యమే చేస్తారు. ఈ సంగతి ఊళ్లో అందరికీ ముందుగా చెప్పి తీరాలని రూలు. అందుకే ఈ మీటింగు, ఈ పులిహోర.

"ఎలకల మీద పని ఎప్పుడో అయిపోయిందండీ," అన్నాడు చక్రపాణి. "ఈ మందు ప్రాణాలు నిలబెడుతుందని నా నమ్మకం. అందరూ బ్యాండ్లు వేసుకుని కూర్చుంటే ఆ సంగతి తేలేదెప్పుడు?"

"మీ ఇంట్లోవాళ్లకైతే?"

"భలేవారే! మీరంతా నా ఇంట్లోవాళ్లు కాదూ?"

హాలంతా చప్పట్లు. కేశవరావు కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

బ్యాండ్ల పెట్టె ముందేసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది ఉజ్వల. మాస్టర్స్ చదువుతూ చక్రపాణి దగ్గర పార్ట్‌టైం చేస్తోంది. చేరి నెల కూడా కాలేదు. ఆ పెట్టె వైపు ఒక్కరూ రాలేదు. నలుగురూ చూస్తుండగా డాక్టరుగారి మాట కాదని బ్యాండు తీసుకునే ధైర్యం ఎవరికుంటుంది! చివరికి పెట్టె తీసుకెళ్లి ఆయన కారులో పెట్టింది.

మర్నాడు ఆఫీసులో సర్దుతుంటే ఒక బ్యాండు తక్కువైంది.

"ఎవరో చాటుగా తీసుకున్నట్టున్నారు సర్," అంది.

"పోనీలే అమ్మా. ఎవరి భయం వాళ్లది," అన్నాడు చక్రపాణి.

ఎవరో ఏమిటి, కేశవరావు అంకులే. ఉజ్వలకి ఆ విషయంలో అనుమానమే లేదు.

జనవరిలో ఒక ఆదివారం వాన పడి, పడింది పడినట్టు రోడ్ల మీద గడ్డకట్టింది. అలాంటి రోజున బుద్ధున్నవాడెవడూ కారు తియ్యడు. కానీ కూచిపూడి ప్రోగ్రాం దగ్గరపడింది, క్లాసు మానితే టీచరు ఊరుకోదు. ఆ వారం క్లాసుకి దింపే వంతు తనది కావడంతో పిల్లల్ని వెనకసీట్లో కూర్చోబెట్టుకుని కేశవరావు బయల్దేరాడు. వంతెన మీద కారు జారింది.

ఎమర్జెన్సీలో ఆ రోజు పరిశోధన తరఫున డ్యూటీ ఉజ్వలది. వెంటనే చక్రపాణికి ఫోన్ చేసింది.

"సర్, కేశవరావు అంకుల్ కార్ యాక్సిడెంట్ అయింది. అంకుల్‌కి చెయ్యి విరిగింది, అంతే. కానీ అమ్మాయిలిద్దరికీ చాలా బ్లీడింగ్ ఉంది సర్. ఒకమ్మాయికి చీటీలో మన మందే వచ్చింది, ఎక్కించేశారు. ఇంకో అమ్మాయికి..."

"ఊఁ, ఇంకో అమ్మాయికి?"

"చేతికి మన బ్యాండ్ ఉంది సర్. ఇవ్వలేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"కత్తిరించి పారేసి ఎక్కించమను," అన్నాడు చక్రపాణి.

"ఎట్ల సర్? బ్యాండ్ ఉంటే ఎవరు చెప్పినా ఎక్కించొద్దని రూల్ కదా."

"కన్నవాళ్లొచ్చి చెప్పినా?"

"కన్నవాళ్లు చెప్పినా సర్. మీరే రాశారు."

ఫోన్ పెట్టేశాడు. పరిశోధన మీద ఎంత ప్రాణమో ఈయనకి, అనుకుంది ఉజ్వల.

చక్రపాణి వచ్చేసరికి ఒంటి మీద కోటు లేదు. కాళ్లకి ఇంట్లో తిరిగే చెప్పులే ఉన్నాయి. తిన్నగా వచ్చి కేశవరావు పక్కన కూలబడ్డాడు. కేశవరావు ఆయన మొహంలోకి చూడలేక కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. చేసిన పని గుర్తొస్తోంది కాబోలు అనుకుంది ఉజ్వల. జాలీ, కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి ఆమెకి.

సర్జన్ బయటికొచ్చి ఇద్దరి ముందూ నిలబడ్డాడు. కొత్త మందు ఎక్కించిన అమ్మాయి గట్టెక్కిందన్నాడు. రెండో అమ్మాయికి రక్తం ఆపడం మా వల్ల కాలేదు, క్షమించండి అన్నాడు.

కేశవరావు భోరుమన్నాడు.

"వాళ్లమ్మకి ఎవరు చెప్తారు?" అన్నాడు చక్రపాణి.

ఉజ్వల ఇక ఆపుకోలేకపోయింది. నర్సు కత్తిరించి ఇచ్చిన బ్యాండు ఆమె గుప్పిట్లో ఉంది.

"ఎందుకంకుల్?" అంది ఏడుస్తూ. "అంత భయముంటే సర్‌ని మళ్లీ అడగాల్సింది కదా! చాటుగా తీసుకెళ్లి ఇదెందుకు వేశారు?"

కేశవరావు తెల్లబోయాడు.

"నేనెక్కడ వేశానమ్మా? సార్ అంత గట్టిగా చెప్పాక ఇంకా అనుమానమెందుకని ఊరుకున్నా. మందెక్కి బతికింది మా ఆద్యే!"

"మరి ఆ అమ్మాయెవరు?"

కేశవరావు చక్రపాణి వైపు చూశాడు.

చక్రపాణి లేచి వచ్చి, ఉజ్వల గుప్పిట విప్పి, తెగిన బ్యాండు తీసుకుని, "మా దేదీప్య... తొడిగింది నేనే," అన్నాడు.