పొడుగు వేణువు

"మీ అన్నయ్యగారితో చెప్పండి. నా చరణం చివర మీ వేణువు దూర్చడం మానమని" అందావిడ మొగుడితో.

అన్నయ్యగారు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

భర్త వేణువు ఒళ్లో పెట్టుకున్నాడు. "అన్నయ్యా, మీ మరదలు ఏమంటోందంటే..."

"విన్నాను. వేణువు అక్కడే ఉంటుంది."

పదకొండేళ్లుగా ఇదే వరస. ఒకే ఇంట్లో ఆవిడ కింద, బావగారు పైన. ఒకే నాటకంలో పని. ఆవిడది రాణి వేషం. ఆయనది వాయిద్యాలకి సంగీతం రాసే పని. ఏ పాటలో ఎవరు ఎక్కడ మోగాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో ఎనిమిది మందికీ విడివిడిగా రాసిచ్చేది ఆయనే. ఆయన భార్య పోయాక కంచం కిందనుంచే పైకి వెళ్తోంది. మాట మాత్రం మెట్లెక్కదు.

గొడవ చిన్నదే. ఒక రిహార్సల్లో ఆయన అందరి ముందూ అన్నాడు. "పై స్వరాలు అందట్లేదమ్మా. శ్రుతి కాస్త దించుకుందాం."

"నా పాట శ్రుతి దించిన రోజు నేను స్టేజీ దిగుతాను" అందావిడ. అంతే. ఆ రోజు మూసిన నోరు ఈ రోజు వరకూ ఆయన వైపు తెరవలేదు.

ఆయన చాదస్తాలు మాత్రం చూస్తూనే ఉంది. రెండేళ్లకోసారి ఎనిమిది మంది కాగితాలూ మొదటినుంచీ రాస్తాడు. పాతవి కాల్చేస్తాడు. చిరిగిపోయాయంటాడు. చిరగలేదని ఆవిడకి తెలుసు. ఒంటరి మనిషి, పొద్దుపోదు అనుకుని ఊరుకునేది.

ఆవిడ మొగుడూ ఆయనకి తగ్గ తమ్ముడే. గోడకి ఐదు వేణువులు వేలాడుతున్నాయి. ఒకదాన్ని మించి ఒకటి పొడుగు.

"వేళ్లు లావెక్కాయే. పొడుగుదైతే రంధ్రాలు ఎడంగా ఉంటాయి" అనేవాడు.

"లావెక్కింది వేళ్లేనా?" అనేది ఆవిడ, మొగుడి పొట్టకేసి చూసి.

ఇంతలో కొత్త దర్శకుడు దిగాడు. వచ్చిన వారానికే ఓ అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు.

"రాణికి పాతికేళ్లండీ. మీకు యాభై నాలుగు. అమ్మాయి గొంతు విన్నారా, గంట!"

"గంట గుమ్మానికి కట్టుకోండి. నేను వేషం ఇవ్వను."

"అయితే ఇద్దరూ పాడండి. అదే పాట, అదే బృందం. నాటకం కంపెనీ యజమానిగారు విని తేలుస్తారు."

"తేల్చమనండి" అందావిడ. "ఇరవై ఆరేళ్ల కిందట ఏ శ్రుతిలో మొదలెట్టానో ఇవాళా అందులోనే పాడుతున్నాను. ఆ పిల్లని అందులో పాడి చూపించమనండి."

భర్త వేణువు తుడుచుకుంటూ ఉండిపోయాడు. బావగారు తలెత్తలేదు.

యజమాని మొదటి వరసలో కూర్చున్నాడు. ముందు అమ్మాయి పాడింది. పల్లవి బాగానే వెళ్లింది. చరణంలో పాట కింది స్వరాల్లోకి దిగింది. గంట కాస్తా గాలైపోయింది. అమ్మాయికి ఊపిరి కావలసిన చోట వయొలిన్లు ఆగలేదు. స్వరం పట్టి నిలబెడదామనుకున్న చోట వేణువు వచ్చి లాక్కుంది. మూడోసారి తప్పాక ఆగిపోయింది.

"మాస్టారూ, ఈ పాట నాకు పట్టట్లేదండీ. కాస్త మార్చి రాయరా?"

"ఒక్క స్వరం మారదు."

దర్శకుడికి మండింది. "మార్చకపోతే మిమ్మల్నే మార్చేస్తాను!"

"మార్చుకో. కాగితాలు నాతో వస్తాయి."

శత్రువుకి చప్పట్లు కొట్టాలనిపించింది ఆవిడకి, పదకొండేళ్లలో మొదటిసారి.

తర్వాత ఆవిడ నిలబడింది. కొంగు బిగించింది. పాడింది. కింది స్వరాలు నేలలోంచి వచ్చాయి. వయొలిన్లు ఆవిడ ఊపిరి కోసం ఆగాయి. చివరి పై స్వరం దగ్గర గొంతు వెంట్రుకవాసి వణికింది. ఆ వణుకు వినిపించకుండా వేణువు వచ్చి కప్పేసింది. కుర్చీల్లో ఎవరికీ తెలియలేదు. బావగారు కాగితం మీద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాడు.

యజమాని లేచాడు. "వేషం ఆవిడదే. ఇంక ఈ మాట ఎత్తొద్దు."

దర్శకుడు కుర్చీని ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయాడు.

ఆవిడ తిన్నగా బావగారి దగ్గరికి నడిచింది. మధ్యలో ఉన్న మొగుణ్ణి పక్కకి జరిపింది.

"చూశారుగా! ఆ రోజు దించమన్నారు. నేను దించలేదు. ఇవాళ నన్ను దించేవాడు పుట్టలేదు."

ఆయన కాగితాలు పోగుచేసుకుంటున్నాడు. "చూశానమ్మా" అన్నాడు.

మర్నాడు ఉదయం పైగదిలో కుర్చీ జరిగింది. భర్త కొలబద్దా, ఇంకో పొడుగు వెదురుముక్కా పట్టుకుని మెట్లెక్కాడు.

"మళ్లీ కాగితాలు మొదలెట్టారా మీ అన్నయ్యగారు?" అని కింద నుంచి అరిచింది.

"ఆ, చిరిగిపోయాయట!"

"పిచ్చి మనిషి" అని నవ్వుకుని, ఆవిడ రాణి పాట ఎత్తుకుంది.

పైన అన్నదమ్ములిద్దరూ తలుపు గడియ పెట్టుకుని, గెలిచిన ఆ పాటనే, ఈ పదకొండేళ్లలో ఆరోసారి, ఇంకో అర మెట్టు శ్రుతి దించి రాస్తున్నారు.