డబ్బాలో వేయొద్దు

అల్లుడు బల్లమీద వేలెడంత సీసపు బొమ్మలు నిలబెట్టాడు. తెల్లదొరల సిపాయిలు తనవైపు, మనవాళ్ళు నావైపు, మధ్యలో అట్టముక్కల ఇళ్ళతో మన ఊరు. ఆట పుస్తకం తీసి నియమాలు చదివాడు.

“దొరల బొమ్మ పడితే పడుకోబెట్టాలి మామయ్యా, డాక్టరొస్తే లేస్తుంది. మనవాళ్ళది పడితే డబ్బాలో వేసేయాలి.”

నాకు ఒళ్ళు మండింది. “మనవాళ్ళేమన్నా ఊడిన గుండీలా, డబ్బాలో వేయడానికి? రాసినవాడు నీకు మేనమామా? ఎవరు పడ్డా పడినచోటే ఉండాలి. లేకపోతే నీ పుస్తకం పొయ్యిలోకే.”

“బల్ల నిండిపోతుంది మామయ్యా.”

“నిండనీ.”

తన పెళ్ళాం తండ్రిని కనక ఒప్పుకున్నాడు. పాచికలేసి ఆడాం. అవి మాత్రం దొరల మాటే విన్నాయి. నావాళ్ళలో ఒక్కడూ మిగల్లేదు.

గెలిచినవాడు మన ఊరి నడుమ జెండా పాతాలి. అల్లుడు జెండా పట్టుకుని వంగి, అలాగే ఆగిపోయాడు. ఊరంతా పడినవాళ్ళే.

“ఎక్కడ పాతను మామయ్యా?”