రామ్ములక్కాయా, కాల్చిన దుంపా

రెండింటిలో ఏది గొప్పో తేల్చుకోబోయి మాణిక్యమ్మ అనే చుంచెలుక పిల్లల్ని పస్తు పడుకోబెట్టింది.

మబ్బు పట్టిన సాయంత్రం దొడ్లో ఆమెకు రెండు దొరికాయి. ఒకటి పొయ్యి బూడిదలో ఎవరో మరిచిపోయిన బంగాళాదుంప, బాగా కాలింది. రెండోది అడుగున గుజ్జు మిగిలిన టమాటా డబ్బా. చిన్నపిల్ల అప్పటికే నీరసించింది. దానికి ఏది బలమని వాటినే అడిగింది.

"నన్ను పెట్టండి మేడం," అంది డబ్బాలోని టమాటా. "ఉడికిన ఎరుపు ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ సి కూడా ఉంది."

"అది నాలోనూ ఉందిలే. నీతో కడుపు నిండుతుందా? పైగా డబ్బాలో నీకు పట్టించిన ఆ ఉప్పేమిటే, రామ్ములక్కాయా?" అంది దుంప.

"ఆ పాత పేరుతో పిలవకు."

"కంచె మీద వాలి ఉడతలతో కబుర్లాడినప్పుడు నీ పేరు అదేగా?"

"ఎండ వాసన మరిచిపోయాను," అంది టమాటా.

మాణిక్యమ్మకు వాళ్లమ్మ గుర్తొచ్చింది. ఆవిడ దుంప మీది బూడిద ఊది, తొక్కతోనే చిదిమి, రాలిన రామ్ములక్కాయను దాని మీద పిండి పెట్టేది. ఏది గొప్పని ఎవరూ అడగలేదు, అందరూ తిన్నారు.

తేరుకునేసరికి వాన దంచేసింది. దుంప బురదలో కలిసింది, డబ్బా నీళ్లతో నిండింది.

తిండిని ఇక గొప్పలు అడగకూడదని మాణిక్యమ్మ అప్పుడే అనుకుంది. మర్నాటి నుంచి ఏం దొరికితే అది కలిపి, ఆలస్యం చేయకుండా పిల్లలకు పెట్టింది. మళ్లీ ఎన్నడూ అడగలేదు.