బావ అడిగితే

"సాయంత్రం నాలుగింటికి నా చేతికి ఒక్క పేరు రావాలి. రెండు కాదు," అంది ముతింత హమూంగ.

ఆవిడ జాంబియా రాయబారి. ఈ ఏడు జెనీవాలో ఆఫ్రికా దేశాల బృందానికి పెద్ద. ప్రపంచ జలసంస్థ అధిపతి పదవికి మర్నాడు ఓటింగు. ఆఫ్రికా నుంచి ఇద్దరు బరిలో ఉన్నారు. ఒకరు సెనెగల్ రాయబారి బిరామ్ ఎన్‌గోమ్, రెండోవాడు గాంబియా రాయబారి అన్సుమాన కుజాబి. పోయినసారీ ఇలాగే ఇద్దరు నిలబడ్డారు. ఓట్లు చీలాయి. పదవి ఇంకెవరో తన్నుకుపోయారు. ఆ తర్వాత ఆఫ్రికా బావుల్లో నీళ్ళున్నాయా అని అడిగిన దిక్కు లేదు.

ఆవిడ ఎదుట ఎన్‌గోమ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన కుజాబి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఊరికే తప్పుకుంటే మా అధ్యక్షుడికి ఏం చెప్పను అక్కగారూ? కుజాబికీ అదే బాధ," అన్నాడు ఎన్‌గోమ్. న్యూయార్క్, అడిస్ అబాబా, రోమ్, ఇప్పుడు జెనీవా. సగం జీవితం సూట్‌కేసులోనే గడిచిన మనిషి. కళ్ళజోడు తీసి ముక్కు మీది గాట్లు రుద్దుకున్నాడు.

ముతింత బల్ల కింద చెప్పులు విడిచి పాదాలు హీటరుకు ఆనించింది. ఆ కాస్త వెచ్చదనానికే ప్రాణం లేచొచ్చింది.

"మీరు సెరెర్, అతను జోలా. మీ రెండు తెగలకూ బావా బావమరుదుల వరస కదూ?"

"పుట్టకముందు నుంచీ."

"మా దేశంలో మా తెగకూ లోజీ తెగతో ఇదే వరస. ఎంతయినా తిట్టుకోవచ్చు. కానీ ఒకరు నోరు తెరిచి అడిగితే రెండోవారు కాదనకూడదు. మరింకేం? అడగండి. బావ అడిగాడు, అందుకే తప్పుకున్నాను అంటే ఏ అధ్యక్షుడూ నోరెత్తలేడు."

ఎన్‌గోమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నిజంగా అడగమంటారా?"

"నాకు ఒక్క పేరు రావాలి. అంతే."

మధ్యాహ్నం కుజాబి క్యాంటీన్‌లో కనిపించాడు. చేతిలో అన్నం పళ్ళెం.

"ఒరేయ్ అన్నం దొంగా, ఆగు. ఒక్క మాట," అన్నాడు ఎన్‌గోమ్.

"మా ఇంటి జీతగాడికి నాతో మాటలేమిట్రా? పో, పోయి నీ సజ్జ గటక తిను," అంటూ కుజాబి పళ్ళెంతో సహా మెట్లెక్కేశాడు. ఎన్‌గోమ్ వెంటపడ్డాడు.

కొత్తగా వచ్చిన నార్వే రాయబారి ముఖం పాలిపోయింది. "కొట్టుకుంటారేమో. సెక్యూరిటీని పిలవనా?"

"ఇప్పుడెందుకు? వాళ్ళు మర్యాదగా మాట్లాడుకున్న రోజు పిలుద్దురుగాని," అంది పక్క బల్ల దగ్గరున్న ముతింత.

కొంతసేపటికి కుజాబి ఆవిడ గదిలోకి దూరి తలుపు వేసేశాడు. "అక్కా, నాలుగయ్యేదాకా నన్నిక్కడ ఉండనీ. వాడు నోరు తెరిచాడంటే నా పని అయిపోతుంది."

"ఇంత వయసొచ్చాక కూడా కుర్చీ మీద అంత ఆశా, అన్సుమానా?"

అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు. సరస్సు మీది పొగమంచును చూస్తూ నిలబడ్డాడు. "ఈ వానలకు మడి దున్నడానికి వస్తానని ఇంట్లో చెప్పాను," అన్నాడు. "ఏటా చెబుతాను. మా ఆవిడ మొదట్లో కోప్పడేది. తర్వాత నవ్వేది. ఇప్పుడు అదీ మానేసింది."

ఎవరో తలుపు తట్టారు. కుజాబి పక్క తలుపులోంచి జారుకున్నాడు.

ముతింత బయటికి వచ్చి చూసింది. ఎన్‌గోమ్ మెట్ల మధ్యలో మోకాళ్ళు పట్టుకుని రొప్పుతున్నాడు. పై మలుపు దగ్గర కుజాబి కూడా ఆగిపోయాడు. కిందివాడికి ఊపిరి అందేదాకా అక్కడే కనిపెట్టుకుని ఉన్నాడు.

"బీపీ మాత్ర వేసుకున్నావా, గటకా?"

"వేసుకున్నాన్రా."

అంతే, మళ్ళీ పరుగు. ఆ రోజు మొత్తానికి ముతింతకు మనసు చల్లబడింది ఆ ఒక్క క్షణమే.

నాలుగు కావస్తుండగా ఎన్‌గోమ్ ఓవర్‌కోటు తొడుక్కుని, సన్నగా ఈల వేసుకుంటూ ఆవిడ గది ముందునుంచి వెళ్ళాడు. పదేళ్ళు తగ్గిన మనిషిలా ఉన్నాడు. "ఒక్క పేరే వస్తోంది అక్కగారూ," అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

వెనకాలే కుజాబి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"దొరికిపోయానక్కా. లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల వాడే ఉన్నాడు."

ముతింత టీ పోసి, పంచదార ఒక చెంచా ఎక్కువే వేసి అతని ముందు పెట్టింది. "అడిగాడా?"

"అడిగాడు. దేనికి భయపడి పొద్దుటినుంచీ పరిగెత్తానో సరిగ్గా అదే అడిగాడు."

"పోనీలే, బాధపడకు. ఇక హాయిగా ఇంటికెళ్ళి మడి దున్నుకో," అంటూ ఆవిడ కాగితం మీద ఎన్‌గోమ్ పేరు రాయబోయింది.

కుజాబి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆ పేరు కాదక్కా. నాది రాయి."

"అదేమిటి? అడిగింది అతనే కదా?"

"వాడే," అన్నాడు కుజాబి టీకప్పులోకి చూస్తూ. "'నన్ను తప్పుకోమని అడుగు బావా' అని అడిగాడు."