చెవిటివాడి ముందు పాట

ఆగస్టు తొమ్మిదిన ఆమె ఆ ఇంటికి గది చూసుకోవడానికి వచ్చింది. పొద్దున్నుంచి తిన్నదల్లా ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం మరీ మగ్గిపోయి చేతికి అంటుకుంటే పారేసింది.

మేడమీద గది తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. కిటికీ పక్కన ఒక ఖాళీ కుర్చీ, దాని మీద ఎండ. గది నచ్చితే దాన్ని పలకరించడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. చిన్నగా ఒక కూనిరాగం తీసింది. గోడలు దాన్ని పదిలంగా తిరిగి అప్పజెప్పాయి.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఇంటాయన.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "విన్నారా?" అంది.

ముసలాయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆఁ? గట్టిగా చెప్పాలి తల్లీ. నాకు బ్రహ్మచెవుడు."

అద్దె ఎంతో కూడా అడక్కుండా ఆమె ఒప్పేసుకుంది.

పదిహేనేళ్లప్పుడు ఆమెను అందరూ 'పిచ్చుక' అనేవారు. ఎక్కడ విన్నా ఆమె పాటలే. స్కూలు సంచుల మీద, దువ్వెనల మీద, చివరికి దోమల మందు డబ్బా మీద కూడా ఆమె బొమ్మే. పంతొమ్మిదో ఏట, నిండు స్టేడియంలో, అందరూ ఎదురుచూసే పాటలో పైస్వరం అందుకోబోతే గొంతు చీలింది. అచ్చం కోడి కూసినట్టే ఉంది. ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక వరసదాకా పాకింది.

ఆ తర్వాత, ఎవరైనా వింటున్నారంటే చాలు, గొంతు పెగిలేది కాదు. పోనీ ఒంటరిగా పాడుకుందామంటే ఏ ఇంట్లో చూసినా పల్చటి గోడలు. స్నానాల గదిలో పాడితే పక్కింటివాళ్లు గోడ తట్టి "వన్స్ మోర్" అనేవాళ్లు. మర్నాడే పెట్టె సర్దేది.

ఇప్పుడు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తోంది. అందులో ఒక సుఖముంది. వచ్చేవాళ్లకు సరిగ్గా కనపడదు. చిక్కల్లా కొత్త కళ్లజోడు పెట్టాకే. ఎగాదిగా చూసి "అరే, పిచ్చుక!" అనేస్తారు.

ఇంటాయన గడియారాలు బాగుచేసేవాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. కింద గోడల నిండా గంటలు కొట్టే గడియారాలే. అన్నీ ఒక్కసారి మోగితే పైగదిలో మంచం అదిరేది. ఆయన మాత్రం రెప్ప వేయకుండా పేపరు చదువుకునేవాడు.

"వీటి మధ్య బతికీ బతికీ చెవులు పోయాయి తల్లీ" అనేవాడు.

మొదట్లో ఆమె కూనిరాగాలే తీసింది. తర్వాత పల్లవి. నెల తిరిగేసరికి గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ గొంతెత్తి పాడేది. పైస్వరం దగ్గరికొచ్చేసరికి గొంతు మళ్లీ చీలేది. "ఎవరు విన్నారు గనక!" అని నవ్వుకుని మళ్లీ అందుకునేది.

ఈలోగా కింద గడియారాలు ఒక్కొక్కటే గంటలు కొట్టడం మానేశాయి.

"ఏమైంది బాబాయిగారూ?" అని అరిచింది.

"వయసు తల్లీ. కీ ఇవ్వడం మరిచిపోతున్నా."

వీధిలో అందరూ ఆయనతో అరిచే మాట్లాడేవారు. ఒకరోజు ఆమె వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లేసరికి కొట్టతను ఆయనతో ఏదో మామూలుగా చెబుతున్నాడు. ఆమెను చూడగానే గొంతు చించుకున్నాడు.

"సబ్బులు రేపొస్తాయి తాతా!"

"ఎవరొస్తారు?"

"సబ్బులు!"

"రమ్మను. భోంచేసి వెళ్తారు."

ఆమె ఇంటిదాకా నవ్వుతూనే వచ్చింది. పాపం, ఈ వయసులో ఎంత ఓపిక ఆ కొట్టతనికి, అనుకుంది.

ఫిబ్రవరిలో ఒకనాడు ఫోన్ మోగింది. పాత బృందంలోని కీబోర్డు వాయించే అతను.

"శనివారం పాత పాటల కచేరీ. ఒక్క పాట పాడు పిచ్చుకా. ఏటా అడుగుతున్నా, ఏటా కాదంటున్నావు. ఈసారీ కాదంటే ఇక అడగను. నాకూ సిగ్గూశరం ఉన్నాయి."

"ఆ పైస్వరం దగ్గర మళ్లీ చీలితే?"

"నేను కీబోర్డుతో సహా కిందపడిపోతా. జనమంతా నన్నే చూస్తారు. సరేనా?"

నవ్వు ఆపుకోలేక సరే అంది.

శుక్రవారం సాయంత్రం మెట్ల మీద ఆయన పక్కన కూర్చుంది.

"బాబాయిగారూ, రేపు పాడుతున్నా!" అని అరిచింది.

"పడనీ. గొడుగు తీసుకెళ్లు."

కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, తర్వాత అరవకుండా, తనలో తాను అనుకున్నట్టే చెప్పింది. "భయంగా ఉంది బాబాయిగారూ. ఇవాళ ఒక్కసారైనా ఆ స్వరం నిలబడితే వెళ్తాను. లేదంటే ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. ఇక ఈ జన్మకి అంతే. అయినా మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే కదా."

ముసలాయన ఎదురుగోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి మోకాళ్లు పట్టుకుని లేచాడు. "చలిగాలి మొదలైంది. పైకి వెళ్లు తల్లీ."

ఆమె పైకి వెళ్లి పాట అందుకుంది. గొంతు చీలింది. గోరువెచ్చటి నీళ్లు తాగింది. ఖాళీ కుర్చీని కిటికీ వైపు తిప్పి కూర్చుని, మళ్లీ పల్లవి నుంచి మొదలుపెట్టింది.

కింద ఓరగా తెరిచిన తలుపు వెనక నిలబడ్డ ముసలాయన, ఈసారి ఆ పైస్వరం చీలకుండా నిలిచి పాట పూర్తయ్యేదాకా విని, తలుపు చెక్క మీద వేలితో వేస్తున్న తాళం ఆపి, పైకి వినపడకుండా మెల్లగా తలుపు మూశాడు.