గ్రే సికిల్ గుట్టు

"ఈ వేషాలకు అర్థమేమిటో చెప్పండి. చెప్పలేకపోతే హాలు ఇవ్వం," అంటూ ఇమోజెన్ నాలుగు ఆల్బమ్ అట్టల్ని బల్ల మీద వరసగా పరిచింది.

గాడ్‌ఫ్రీ పెల్ గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా గ్రే సికిల్ బృందానికి గాయకుడతను. పాత జానపద బాణీల్లో చావునీ బూడిదనీ కూలిన కోటల్నీ తలుచుకుని గంభీరంగా పాడటం వాళ్ళ పద్ధతి. ఈ అట్టల మీది బొమ్మల్లో నాజీల పోకడ ఉందనే బర్మింగ్‌హామ్‌లోనూ బ్రిస్టల్‌లోనూ వాళ్ళకు తలుపులు మూసేశారు. మిగిలింది సొంతూరు హాథర్‌కోట్‌లోని ఈ హాలు ఒక్కటే. ఇదీ పోతే ముప్ఫయ్యో ఏటి కచేరీ లేదు. ఆ మాటకొస్తే బృందమూ ఉండదు.

హాలు కమిటీలో ముగ్గురు. ఊరి బడిలో పాఠాలు చెప్పే ఇమోజెన్, బస్సు నడిపి రిటైరైన క్లెమ్, పెద్దదిక్కుగా బెరిల్ ట్రాంటర్.

"ఇవి ఐరోపా అస్తమయానికి ప్రతీకలు," గాడ్‌ఫ్రీ కళ్ళు అరమోడ్చాడు. "మనిషి లోపలి చీకట్లో..."

"నాయనా, చిన్నప్పుడు నీ ముక్కు తుడిచినదాన్ని నేను," అంది బెరిల్. "నాతో మామూలుగా మాట్లాడు."

పక్కనే కూర్చున్న హెస్టర్ బల్ల కింద అతని కాలు తొక్కింది. మొదటి రోజు నుంచీ బృందంలో అకార్డియన్ వాయించేది ఆమే.

"నిజం చెప్పేయ్," అంది గుసగుసగా.

"పరువు పోతుందే!"

"ఊరుకుంటే హాలు పోతుంది."

ఇమోజెన్ మొదటి అట్ట మీద వేలు పెట్టింది. మంచులో బూడిదరంగు కోట్లు తొడుక్కుని నిలబడ్డ నలుగురు. "ఇది ఏ సైన్యం?"

"స్వీడన్ తపాలా శాఖ," అన్నాడు గాడ్‌ఫ్రీ తల దించుకుని.

"ఏమిటీ?"

"పోస్ట్‌మన్ల కోట్లండీ. పాత బట్టల కొట్లో దొరికాయి. పందుల కొట్టంలో సాధన చేసేవాళ్ళం. చలికి చచ్చేవాళ్ళం."

బెరిల్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇమోజెన్ మాత్రం నవ్వలేదు.

"మరి ఈ ముసుగులు? 'నేను అనే అహం చచ్చిపోవాలి, అందుకే ముసుగు' అని ఎక్కడో ఇంటర్వ్యూ ఇచ్చారుగా!"

"డోలు వాయించే లెనార్డ్‌ని ఎవరూ గుర్తుపట్టకూడదని. అప్పట్లో అతను మీ బడికే హెడ్‌మాస్టరు."

"మిస్టర్ లెనార్డా! ప్రార్థనలో ఎవరైనా దగ్గితేనే బయటికి పంపించేవారే!"

"ఆయనే. ఒక్కడికే ముసుగు వేస్తే బాగుండదని అందరం వేసుకున్నాం."

మూడో అట్ట మీద పుర్రె ఉంది. అది హెస్టర్ వాళ్ళ బాబాయి గొర్రెది. హెస్టర్ దాన్ని ఇంట్లో సూప్ గిన్నెలో ఉడకబెట్టి శుభ్రం చేస్తే, వాళ్ళమ్మ ఆ గిన్నెనీ కూతుర్నీ కలిపి బయటికి తోసింది. నాలుగో దాంట్లో గాడ్‌ఫ్రీ తల నిండా ఆకులు, పైన జింక కొమ్ములు.

"వనదేవతా?" అన్నాడు క్లెమ్.

"బట్టతల," అంది హెస్టర్.

క్లెమ్ బల్ల చరిచి నవ్వాడు. ఇమోజెన్ పెదవి బిగబట్టుకుని, అన్ని అట్టల మీదా మూలగా ఉన్న గుర్తు చూపించింది. ఒకచోట తెగిన నల్లటి వలయం. "జర్మనీలో దీన్ని ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ళున్నారు. ఇది దేనికి గుర్తు?"

"టీ కప్పు అడుగు మరక. మొదటి అట్ట గీస్తుంటే హెస్టర్ కప్పు పెట్టింది. మళ్ళీ గీసే ఓపిక లేక..."

"పాలు పోసిన టీనేనా?" అన్నాడు క్లెమ్.

ఈసారి ఇమోజెన్‌కీ నవ్వాగలేదు. ఆ నవ్వు తగ్గాక సూటిగా అడిగింది. "మరి గుండు గీయించుకుని, నాజీల్లా చేతులు పైకి చాచి మీ కచేరీలకు వచ్చినవాళ్ళ సంగతి? ఇది టీ మరక అని వాళ్ళకెందుకు చెప్పలేదు?"

గాడ్‌ఫ్రీ ఆ అట్టని బోర్లించాడు.

"చెప్పాల్సింది. చెప్పలేదు. బడిలో నన్నెవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. నన్ను చూసి జనం జంకుతుంటే బాగుండేది. ఒకసారి హెస్టర్ వేదిక దిగి వాళ్ళని తరిమింది. నేను కొమ్ములు సర్దుకుంటూ నిలబడ్డాను. అదీ నా వీరత్వం."

హెస్టర్ అతని వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళలో ఈ మాట అతని నోట వినడం ఆమెకు ఇదే మొదటిసారి.

"రేపే నా పేరు పెట్టి పత్రికకు రాస్తాను," అన్నాడతను. "ఆ గుర్తు టీ మరకనీ, ఆ మనుషులు మా గుమ్మం తొక్కొద్దనీ."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. క్లెమ్ భుజాలు ఇంకా నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి. గాడ్‌ఫ్రీకి ఒళ్ళంతా తేలికైనట్టుంది, నడివీధిలో బట్టలూడినట్టూ ఉంది.

చివరికి బెరిల్ కళ్ళు తుడుచుకుని కాగితం అతని ముందుకు జరిపింది. "హాలు నీదే నాయనా. ఇన్నేళ్ళలో ఈ హాల్లో ఇంతగా నవ్వింది లేదు. ఈ సంగతులు వినడానికి ఊరు ఊరంతా వస్తుంది. కానీ ఒక్క షరతు."

"ముసుగులేగా? తగలబెట్టేస్తాం. కొమ్ములు తెచ్చి మీ గుమ్మానికే కొడతాను, కోట్లు తగిలించుకోండి. ఏ షరతైనా ఒప్పుకున్నట్టే!" అంటూ గాడ్‌ఫ్రీ గబగబా సంతకం పెట్టేశాడు.

బెరిల్ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"పాటలు మాత్రం పాడకూడదు."